'కపుల్ ఆఫ్' అంటే ఎన్ని? శ్రీకాకుళం నుంచి ఒక అనువాదం డైరీ

మే నెల, మొదటి విడత వెనక్కొచ్చాక

పాత ఇంగ్లిష్ డిటెక్టివ్ కథలు కొన్ని తెలుగు చేస్తున్నాను. మొదటి విడత చూసిన ఎడిటర్ గారు, 'ఎ కపుల్ ఆఫ్' ఉన్న ప్రతిచోటా నేను రాసిన 'రెండు మూడు', 'ఓ రెండు' కొట్టేసి ఎర్ర అక్షరాల్లో 'రెండు' అని దిద్దారు. పక్కన ఒక ప్రశ్న: "కపుల్ అంటే జంట కదండీ, మూడోది ఎక్కణ్ణించి వచ్చింది?"

అడగాల్సిన ప్రశ్నే. ఇంగ్లిష్ నిఘంటువు తీస్తే అది ఇద్దరినీ సమాధానపరిచి పంపించేస్తుంది: కపుల్ అంటే రెండు, కపుల్ అంటే కొద్దిపాటి అని కూడా. ఎక్కడ ఏదన్నది మాత్రం మనకే వదిలేస్తుంది. మాటకి మూలం లాటిన్‌లోని 'కోపులా', అంటే కట్టు, బంధం. ఫ్రెంచి మీదుగా ఇంగ్లిష్‌లోకి వచ్చింది. రైలు పెట్టెల్ని కలిపే కప్లింగ్‌ది కూడా ఆ ఇంటిపేరే. పుట్టుక చూస్తే ఎడిటర్ గారిదే గెలుపు. వాడుక చూస్తే నాకు అంత నమ్మకం లేదు.

వేరే రకం కథలైతే వదిలేసేదాన్నే. షికారుకెళ్ళినాయన రెండు మైళ్ళు నడిచాడో మూడు నడిచాడో ఎవరిక్కావాలి? డిటెక్టివ్ కథలో అలా కుదరదు. "కపుల్ ఆఫ్ మినిట్స్ బయటికెళ్ళానండీ" అని పనిమనిషి ఇన్‌స్పెక్టర్‌తో అంటే పాఠకుడు అక్కడికక్కడే వేళ్ళు మడుస్తాడు. నేను 'రెండు నిమిషాలు' అని రాస్తే ఆ లెక్క పట్టుకుని హంతకుణ్ణి నిర్దోషి అనుకుంటాడు. ఆవిడ గీసుకున్న మెత్తటి గీతని నేను స్కేలు పెట్టి గీసినట్టవుతుంది.

అందుకని అనువాదం కాస్త పక్కన పెట్టి, ఆ కాలపు జనరంజక కథల్లో ఈ ఒక్క మాట ఎలా నడిచిందో చూద్దామని కూర్చున్నాను. కాలేజీకి వేసవి సెలవులు. మధ్యాహ్నం ఎలాగూ గడప దాటలేం.

పుస్తకాల ఏరివేత

ముందు కాపీరైటు సంగతి తేల్చుకోవాలి. మన దేశంలో రచయిత చనిపోయిన తర్వాత 60 ఏళ్ళ దాకా హక్కులుంటాయి. 1957 చట్టంలో అది 50 ఏళ్ళే. రవీంద్రనాథ్ ఠాగూర్ పోయింది 1941లో. ఆయన రచనల గడువు తీరిపోయే వేళకి పెద్ద చర్చ జరిగి, 1992లో ఇంకో పదేళ్ళు కలిపారు. ఆ లెక్కన కోనన్ డాయిల్ (1930), ఎడ్గార్ వాలెస్ (1932), జాన్ బకన్ (1940), వెల్స్ (1946) మనకి హాయిగా దొరుకుతారు. అమెరికన్ డిటెక్టివ్ కథకి గరుకు గొంతు ఇచ్చిన డాషియెల్ హామెట్ 1961లో పోయాడు కాబట్టి ఆయనా వచ్చేశాడు. పింకర్టన్ ఏజెన్సీలో నిజంగా డిటెక్టివ్‌గా పనిచేసిన మనిషి, నాకు చాలా కావాలి. అగాథా క్రిస్టీ మాత్రం 1976. ఇక్కడ 2036 చివరి దాకా ఆగాల్సిందే. ఆవిడ తొలి నవల 1920లో వచ్చింది, అమెరికాలో స్వేచ్ఛగా తిరుగుతోంది. వాళ్ళ సైట్లో ఫైలు కనిపించింది కదా అని ఇక్కడ అనువదించి అచ్చేస్తే కుదరదు. ఇది చాలామంది అనువాదకులకి తెలియదు, అందుకే ఇంత సాగదీశాను.

ఫైళ్ళు చాలావరకు ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ నుంచి, అంటే హక్కులు తీరిన పుస్తకాల్ని ఉచితంగా ఇచ్చే ఇంటర్నెట్ గ్రంథాలయం నుంచి. మైకేల్ హార్ట్ 1971లో అమెరికా స్వాతంత్ర్య ప్రకటనని టైపు చేసి మొదలెట్టిన పని, ఇప్పుడు శ్రీకాకుళంలో ఫ్యాను కింద కూర్చున్నవాళ్ళకి కూడా అక్కరకొస్తోంది.

ఫైళ్ళ శుభ్రం, మేనల్లుడి రాక

గుటెన్‌బర్గ్ ఫైల్లో ముందూ వెనకా లైసెన్సు పాఠం ఉంటుంది. అది కత్తిరించకపోతే వెతుకులాటలో ఆ లాయర్ల భాష కూడా కథలో భాగమైపోతుంది. ఇంకో చిక్కు ఉంది. ఆ ఫైళ్ళలో వాక్యం డెబ్బై అక్షరాల చుట్టుపక్కల విరిగి కింద వరుసలోకి పోతుంది. 'ఎ కపుల్' ఒక వరుస చివర, 'ఆఫ్' కింది వరుస మొదట్లో పడితే, వరుసవారీగా వెతికే పరికరానికి అది కనపడదు.

విశాఖలో ఇంజినీరింగ్ చదివే మేనల్లుడు సెలవులకి వచ్చాడు. "అత్తా, ఐదు నిమిషాల పని" అని పైథాన్‌లో విరిగిన వరుసల్ని కలిపే స్క్రిప్టు రాసిచ్చాడు. భోజనాల వేళ దాటిపోయింది. ఐదు నిమిషాలన్న మాటని కూడా ఈ ప్రాజెక్టులో చేర్చాలేమో అంటే నవ్వాడు.

వెతకడానికి వాడుతున్నది యాంట్‌కాంక్. జపాన్‌లోని వసేదా విశ్వవిద్యాలయంలో పనిచేసే లారెన్స్ ఆంథొనీ తయారుచేసి ఉచితంగా పెట్టిన సాఫ్ట్‌వేర్. మాట టైపు చేస్తే, అది వచ్చిన ప్రతి వాక్యాన్నీ ఆ మాట సరిగ్గా తెర మధ్యలో నిలబడేట్టు వరుసగా పేరుస్తుంది. 'కపుల్ ఆఫ్' అని కాకుండా ఉత్త 'కపుల్' అని వెతకాలి. అమెరికన్లు చాలాచోట్ల 'ఆఫ్' మింగేస్తారు. 'ఎ కపుల్ డ్రింక్స్' అనే తరహా. అలా వెతికితే భార్యాభర్తలు, కొత్త దంపతులు, నాట్యం చేసే జంటలు కూడా వచ్చి పడతారు. వాళ్ళని చేత్తో ఏరి పక్కన పెట్టాలి. ఇందులో తెలివితేటలేం అక్కర్లేదు, రెండు కప్పుల టీ చాలు.

పక్కమాట ప్రకారం పేర్చితే

ఈ ప్రాజెక్టులో అసలు రుచి ఇక్కడుంది. యాంట్‌కాంక్‌లో కుడి వైపు రెండో మాట ప్రకారం అక్షరక్రమంలో పేర్చమని చెప్పవచ్చు. 'కపుల్' తర్వాత మొదటి మాట 'ఆఫ్', రెండోది నామవాచకం. ఆ బటన్ నొక్కగానే చెల్లాచెదురుగా ఉన్న వాక్యాలన్నీ గుంపులు కట్టాయి. డేస్, అవర్స్, మినిట్స్, మంత్స్, వీక్స్, ఇయర్స్. తెర కిందికి జరుపుతూ పోతే కాలమే కాలం. ఎన్నిసార్లు వచ్చాయో చూస్తే వాటి తర్వాత దూరాలు: మైల్స్, యార్డ్స్. తర్వాతే మనుషులు, గుర్రాలు, తుపాకి దెబ్బలు, కొవ్వొత్తులు. కపుల్ ఆఫ్ హండ్రెడ్ అని డబ్బు లెక్కలు కూడా.

గుంపులు చూడగానే పేచీ ఎక్కడుందో తెలిసిపోయింది. కాలం, దూరం పక్కన చేరినప్పుడు ఈ మాట దాదాపు ఎప్పుడూ వదులే. గడియారం చూడని మనిషి మాట అది. కళ్ళెదుట నిలబడ్డ వస్తువు పక్కన, మనిషి పక్కన చేరితే బిగుసుకుంటుంది. చాలాసార్లు అచ్చంగా రెండే. ఎలా తెలిసిందంటే, తర్వాతి వాక్యాలు చూడాలి. మచ్చుకి నేనే కట్టిన వాక్యం: దీపస్తంభం కింద కపుల్ ఆఫ్ మెన్ నిలబడి ఉన్నారు, ఒకడు చుట్ట ముట్టించాడు, రెండోవాడు మా కిటికీ వైపే చూస్తున్నాడు. ఆ 'ఒకడు, రెండోవాడు' దగ్గర లెక్క ముగిసిపోయింది. 'బోత్' అన్న మాట కనిపించినా అంతే.

మరి నిమిషాలకి, గంటలకి అలాంటి సాక్ష్యం ఎక్కడా రాదు. మొదటి గంట ఇలా గడిచింది, రెండో గంట అలా గడిచింది అని ఎవరూ రాయరు. పైగా కొన్నిచోట్ల ఎదురు సాక్ష్యమే ఉంటుంది: కపుల్ ఆఫ్ డేస్‌లో వస్తానన్న పాత్ర సోమవారం వెళ్ళి శుక్రవారం తిరిగొస్తుంది, ఇంట్లో ఎవరూ ఆలస్యమైందని అడగరు.

ఎక్సెల్ షీట్లో మూడు గడులు పెట్టాను. కచ్చితం, వదులు, తేలనిది. మూడోది నిండుతుందని ముందు అనుకోలేదు. అది బాగానే నిండుతోంది.

కుక్కల లెక్క

మధ్యలో ఒక తమాషా. నక్కల వేట వచ్చే కథల్లో 'కపుల్'కి బహువచనపు 'ఎస్' కూడా తగలకుండా, ముందు పెద్ద అంకెలతో వస్తోంది. మేనల్లుడు ఫైలు చెడిందేమోనని టెన్షన్ పడ్డాడు. ఫైలు బాగానే ఉంది. ఇంగ్లండ్‌లో వేటకుక్కల్ని జంటల్లోనే లెక్కపెడతారు. పదకొండు కుక్కలుంటే ఐదున్నర కపుల్ అంటారు. కుక్కల్ని రెండేసి చొప్పున పట్టీతో కలిపి కట్టే అలవాటులోంచి వచ్చిన లెక్క. లాటిన్ నాటి కట్టు ఇక్కడ ఇంకా ఊడలేదు. దీనికి మాత్రం ఎడిటర్ గారు ఎన్ని ఎర్ర గీతలు పెట్టినా ఒప్పుకుంటాను.

ఎవరి నోట వచ్చింది?

నామవాచకం ఒక్కటే చాలదని జూన్ మొదట్లో అనిపించింది. ఎవరు మాట్లాడుతున్నారన్నది కూడా చూడాలి.

1891 జులైలో స్ట్రాండ్ పత్రికలో వచ్చిన హోమ్స్ కథ, 'ఎ స్కాండల్ ఇన్ బొహీమియా', ఒక్కసారి తియ్యండి. మెట్ల సంభాషణ చాలామందికి తెలిసే ఉంటుంది. కింది హాల్లోంచి ఈ గదికొచ్చే మెట్లు ఎన్నిసార్లు చూసుంటావని హోమ్స్ అడుగుతాడు. కొన్ని వందలసార్లు అంటాడు వాట్సన్. అయితే ఎన్ని మెట్లున్నాయి? వాట్సన్‌కి తెలియదు. పదిహేడు అంటాడు హోమ్స్, చూడ్డం వేరు, గమనించడం వేరు అంటూ. ఇందులో 'కపుల్' లేదు. అయినా నా షీటుకి కొత్త గడి పుట్టించింది ఈ చోటే. వాట్సన్ నోట వచ్చేది 'కొన్ని వందలు', హోమ్స్ నోట వచ్చేది పదిహేడు. ఒకే గదిలో కూర్చున్న ఇద్దరు స్నేహితుల స్వభావం సంఖ్యావాచకాల్లోనే పంచిపెట్టేశాడు డాయిల్. వాట్సన్ వదులు మాటని అనువాదకుడు బిగించేస్తే, వాట్సన్ సగం హోమ్స్ అయిపోతాడు. అప్పుడిక హోమ్స్ చేసే పనేముంది?

అప్పట్నించి ప్రతి వాక్యానికీ మాట్లాడేవాళ్ళ పేరు కూడా రాస్తున్నాను: కథకుడు, డిటెక్టివ్, సాక్షి, దొంగ. సాక్షుల దగ్గర వదులు మాటలు పుష్కలం. దానికి కారణం రచయితల బద్ధకం అనుకోను. సాక్షికి సరిగ్గా గుర్తుండకపోవడమే డిటెక్టివ్ కథకి పెట్టుబడి.

జనరంజక కథల పేర్లలో మాత్రం అంకెలు ఎంత నిక్కచ్చిగా ఉంటాయో! ఎనభై రోజులు, ముప్పై తొమ్మిది మెట్లు, నలుగురి గురుతు. వెల్స్ తన కాలయంత్రాన్ని క్రీ.శ. 802701 దాకా పంపించాడు, ఒకటి అటూ ఇటూ కాదు. అట్ట మీద అంత కచ్చితం, లోపల కపుల్ ఆఫ్ డేస్.

ఇంకో సంగతి ఇక్కడే రాసుకుంటాను. హోమ్స్ కాలపు కథల్లో ఈ పని చాలావరకు 'టూ ఆర్ త్రీ' చేస్తుంది. ఏ మాట ఏ కాలపు పుస్తకాల్లో ఎంత వాడారో గీత గీసి చూపించే గూగుల్ ఎన్‌గ్రామ్ వ్యూయర్‌లో ఇంగ్లిష్ ఫిక్షన్ అనే విభాగం విడిగా ఉంది. అందులో రెండు పదబంధాలూ పక్కపక్కన పెట్టి చూస్తే 19వ శతాబ్దంలో 'టూ ఆర్ త్రీ' పైన, 20వ శతాబ్దం గడిచేకొద్దీ 'ఎ కపుల్ ఆఫ్' ఎక్కుతూ వస్తుంది. అంటే డాయిల్ 'కపుల్' అన్నప్పుడు పక్కనే వదులు మాట ఇంకోటి ఆయన చేతిలో ఉంది. హామెట్ కాలానికి వచ్చేసరికి వదులు బరువు దీని మీద పెరుగుతూ వచ్చింది. కాబట్టి పాత కథలో కొంచెం బిగుతు వైపు, కొత్త కథలో వదులు వైపు మొగ్గాలి. ఇద్దరికీ ఒకే మందు వెయ్యకూడదు.

కథానిలయంలో ఒక పూట

ఇంగ్లిష్ సంగతి సరే, తెలుగు కథకులు ఇలాంటిచోట ఏం రాసేవారు? శ్రీకాకుళంలో ఉండి ఆ ప్రశ్నకి ఇంకెక్కడికో వెళ్ళక్కర్లేదు. మా ఊళ్ళోని విశాఖ ఎ కాలనీలో కథకుడు కారా మాస్టారు (కాళీపట్నం రామారావు) 1997లో నెలకొల్పిన కథానిలయం ఉంది. తెలుగు కథ అన్నది ఎక్కడ అచ్చయినా చేర్చిపెట్టాలని ఆయన పెట్టుకున్న పట్టుదల పుణ్యమా అని, పాత పత్రికలు తిరగెయ్యడానికి దొరికాయి.

సంఖ్యలు వచ్చిన వాక్యాలే రాసుకుంటూ కూర్చున్నాను. మన దగ్గర సరుకు ఎంతుందో అప్పుడు తెలిసింది. 'రెండు గంటలు' అంటే లెక్క, 'ఓ రెండు గంటలు' అంటే అంచనా. ఆ 'ఓ' ఒక్క అక్షరం. ఎంత పెద్ద అంకె ముందు పెట్టినా దాన్ని మెత్తబరుస్తుంది: ఓ పది మంది, ఓ వంద రూపాయలు. తర్వాత జోడు అంకెలు: ఒకటి రెండు, రెండు మూడు, నాలుగైదు, ఐదారు, పదీ పన్నెండు. 'ఎవ్రీ కపుల్ ఆఫ్ అవర్స్'కి 'రెండేసి గంటలకోసారి' కుదిరింది కానీ బిగుతుగా ఉంది. 'గంటా రెండు గంటలకోసారి' అంటే ఊపిరాడుతోంది.

అన్నిటికన్నా ఆశ్చర్యం నాలుగు. తెలుగులో కొద్దిపాటికి అసలు అంకె రెండు కాదేమో అనిపిస్తోంది. వచ్చిన చుట్టాన్ని నాలుగు రోజులుండి వెళ్ళమంటాం. ఐదో రోజున బస్సెక్కించం. నాలుగు రాళ్ళు వెనకేసుకోమంటాం, నలుగురూ ఏమనుకుంటారో అని భయపడతాం. రెండు అంతకంటే చిన్నది, బతిమాలే అంకె: రెండు మెతుకులు తిని వెళ్ళు, రెండు ముక్కలు మాట్లాడండి. అందుకని సెలవుకి వెళ్తున్న గుమాస్తా 'కపుల్ ఆఫ్ డేస్' అంటే, సందర్భం కుదిరితే 'నాలుగు రోజులు' అని రాయడానికి కూడా సిద్ధపడ్డాను. దీనికి ఎడిటర్ గారి దగ్గర ఎర్ర సిరా చాలదు.

మనుషుల దగ్గర మాత్రం తెలుగు మనల్ని ఇరుకున పెడుతుంది. ఇంగ్లిష్‌కి మనుషులైనా కొవ్వొత్తులైనా ఒకటే 'కపుల్'. మనకి ఇద్దరు వేరు, రెండు వేరు. 'ఓ ఇద్దరు' అనొచ్చు కానీ 'ఓ రెండు గంటలు' అన్నంత వదులు రాదు దానికి. ఇద్దరనగానే రెండు ముఖాలు కనిపిస్తాయి. మెత్తబరచాలంటే 'ఇద్దరు ముగ్గురు' అనాల్సిందే.

మాస్టారితో పేచీ

ఒక్కరే గుర్తులు పెట్టుకుంటూ పోతే మన ఇష్టమే శాస్త్రం అయిపోతుంది. అందుకని మా కాలేజీలోనే పనిచేసి రిటైరైన ఇంగ్లిష్ మాస్టార్ని పట్టుకున్నాను. ఆమదాలవలసలో ఉంటారు. అవే వాక్యాలు, నా గుర్తులు చూపించకుండా ఆయనకిచ్చాను. కాలం, దూరం దగ్గర ఇద్దరం దాదాపు ఒకటే రాశాం. తుపాకి దెబ్బల దగ్గర తెగలేదు.

"ఏటమ్మా, కపుల్ ఆఫ్ షాట్స్ వినపడ్డాయంటే వదులని రాసీసినావు? తుపాకి దెబ్బలు లెక్కెట్టలేడేటి మనిషి?"

"అర్ధరాత్రి నిద్రలోంచి లేచినవాడు మాస్టారూ, ఏం లెక్కపెడతాడు?"

"నిద్రలోంచి లేచినోడు అయితే మొదటిది వినడు, రెండోదే వింటాడు. మరి కపుల్ ఎలగన్నాడు?"

దీనికి నా దగ్గర జవాబు లేకపోయింది. ఆ వాక్యం తేలని గడిలోకి పోయింది. నిజానికి ఆయన ప్రశ్నే ఒక మంచి డిటెక్టివ్ కథకి ప్లాటు.

పెసరట్టు తింటూ ఆయనే ఇంకో మాట అన్నారు. "మా చిన్నప్పుడు పుంజీ అంటే నాలుగు. సరుకు పుంజీల్లో లెక్కెట్టీవోరు. సభకి పుంజీడు మంది కూడా రాలేదంటే, గుమ్మం దగ్గర నిల్చుని నలుగుర్ని లెక్కెట్టినట్టేటి?" ఇంగ్లిష్ 'కపుల్' దారిలోనే మన పుంజీ కూడా నడిచిందన్నమాట. లెక్కకి పుట్టి అంచనాలో స్థిరపడింది. ఆయన మాట రాసుకున్నాను కానీ అనువాదంలో వాడను. లండన్ పొగమంచులో పుంజీడు మంది నిలబడితే బాగుండదు.

ఎడిటర్ గారితో ఫోను

షీటు పంపించి రెండు రోజులాగి ఫోను చేశాను. (రెండే. మంగళవారం పంపాను, గురువారం చేశాను.) అన్నీ ఓపిగ్గా చూశారట. కాలం, దూరం దగ్గర నా 'ఓ రెండు', 'రెండు మూడు' ఉంచేస్తామన్నారు. కంటికి కనిపించే మనుషులు, వస్తువుల దగ్గర, తర్వాతి వాక్యం కాదంటే తప్ప, ఇద్దరు, రెండు. అది ఆయన షరతు, నాకూ సబబే. నాలుగు రోజుల దగ్గర మాత్రం కదల్లేదు. "పాఠకుడు మూలం పక్కన పెట్టుకు చదివితే తప్పు మనదంటాడండీ" అన్నారు. మూలం పక్కన పెట్టుకు చదివేవాడికి అనువాదం ఎందుకండీ అని అడగబోయి ఊరుకున్నాను. 'రెండు మూడు రోజులు' దగ్గర రాజీ పడ్డాం.

సాక్షుల వాంగ్మూలాల విషయంలో నా మాటే నిలిచింది. పనిమనిషి ఇప్పుడు "ఓ రెండు నిమిషాలు బయటికెళ్ళానండీ" అంటుంది. 'సుమారు' పెడదామని వాళ్ళ ప్రూఫ్‌రీడర్ అన్నారట. 'సుమారు' అంటే పోలీసు పంచనామా భాష అయిపోతుంది, పనిమనిషి నోట వద్దన్నాను.

ఇంకా మిగిలినవి

'కపుల్ ఆఫ్ హండ్రెడ్' వరుసలు ముట్టుకోలేదు. పౌండ్లయితే బ్లాక్‌మెయిల్ సొమ్ము, గజాలైతే వెంటాడే దూరం; రెండూ ఒకే గడిలో ఉన్నాయి, విడదీయాలి. హామెట్ ఫైళ్ళలో 'ఆఫ్' లేని 'కపుల్' వాక్యాలు మళ్ళీ ఒకసారి చూడాలి, దంపతుల్ని ఏరేటప్పుడు వాటిలో కొన్ని పక్కకి పోయుంటాయని అనుమానం. తేలని గడి మొత్తం మాస్టారికి ఇంకోసారి పంపాలి, ఈసారి వాక్యం ఒక్కటే కాకుండా ముందూ వెనకా పేరాలతో సహా. మేనల్లుడు విశాఖ వెళ్ళేలోపు ఆ పేరాలు తెంపి ఇచ్చే స్క్రిప్టు రాసిస్తానన్నాడు. కాలేజీ తెరిచే ముందే రెండో విడత పంపెయ్యాలి.